మడమ లేపకు, మడమ లేపకు: ఒక గ్రీన్ బెల్టు పాప కేసు

కరాటేలో జెన్‌కుత్సు దాచి అంటే ముందు మోకాలు వంచి, వెనక కాలు చాపి నిలబడే భంగిమ. అందులో వెనక కాలి మడమ నేలకు అంటుకుని ఉండాలి. ఈ పాపకు ఏప్రిల్ దాకా అంటుకునే ఉండేది. మే రెండో వారం నుంచి కుడి మడమ వేలు మందాన లేవడం మొదలైంది. మా క్లాసులో ఐదు వారాల పాటు దానికి దొరికిన వైద్యం ఒకటే మాట: "మడమ లేపకు." జూన్ మూడో వారంలో తల్లి ఫోన్ చేసి, పాప పొద్దున మంచం దిగాక బాత్రూమ్ దాకా మునివేళ్ల మీదే నడుస్తోందని చెప్పింది. అప్పటిదాకా అది నొప్పి అని మాలో ఎవరికీ తట్టలేదు.

కుటుంబం ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాం. గుర్తుపట్టే వివరాలు తీసేశాం. పిల్లల్ని ఆటకో డాన్సుకో పంపే ఇళ్లలో ఇలాంటి మడమలు చాలానే ఉంటాయి. తల్లిదండ్రులూ చదవాలి, తోటి మాస్టర్లూ చదవాలి.

పాప, ఇల్లు, హాలు

వయసు పదేళ్ల ఎనిమిది నెలలు. షోటోకాన్ పద్ధతి కరాటేలో రెండున్నరేళ్ల సాధన. తమ్ముడికి ఆరేళ్లు, అదే క్లాసులో వైట్ బెల్టు. తండ్రికి హైటెక్ సిటీలో ఉద్యోగం. చైతన్యపురిలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాత్రి ఇల్లు చేరేసరికి పది దాటుతుంది. తల్లి టీచర్. సాయంత్రాలు పిల్లల్ని చూసేది నానమ్మ. క్లాసు జరిగేది సరూర్‌నగర్ వైపు ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోని హాలులో. కింద టైల్స్. మ్యాట్లు ఉన్నా కుమితే (ఇద్దరి పోరు) బౌట్లు పెట్టినప్పుడే పరిచేవాళ్లం, మిగతా రోజుల్లో గోడవార పేర్చి ఉండేవి.

సెప్టెంబరులో పాపకు బెల్టు పరీక్ష. చూపాల్సిన కతా (వరసగా చేసే కదలికల కూర్పు) హెయాన్ గోదాన్, 23 కదలికలు. 1901లో ఒకినావా బడుల్లోకి కరాటే తెచ్చిన ఇతోసు అంకో బడిపిల్లల కోసమే ఈ వరసలోని ఐదు కతాలు కూర్చారు. వాటికి హెయాన్ అని పేరు మార్చింది షోటోకాన్‌కు ఆద్యుడైన ఫునాకోషి గిచిన్. ఐదింటిలోనూ ఒంటిని గాల్లోకి లేపే గెంతు ఉన్నది గోదాన్‌లోనే. గెంతి, కాళ్లు ముడివేసినట్టు కోసా దాచిలో కిందికి దిగుతూ రెండు ముంజేతులూ అడ్డంగా పెట్టాలి. దిగినప్పుడు బరువంతా కుడి పాదం మీదే పడుతుంది. పాపకు నొప్పి ఎక్కువ ఉన్నదీ ఆ కాలికే.

గంటలు కాదు, గెంతులు

ముందు గంటలు లెక్కేశాం. కరాటే వారానికి మూడు క్లాసులు, ఒక్కోటి గంటన్నర. శని, ఆదివారాల్లో కూచిపూడి గంట చొప్పున. బడిలో పీటీ రెండు పీరియడ్లు. అంతా కలిపి ఎనిమిది గంటల లోపే. పిల్లల వయసు ఎన్నేళ్లో, వారంలో శిక్షణ అన్ని గంటలు దాటకూడదని క్రీడా వైద్యులు చెప్పే లెక్క ఒకటుంది. దాని ప్రకారం పదేళ్లు నిండిన పాపకు ఎనిమిది గంటలు ఎక్కువేమీ కాదు. అక్కడితో ఆగి ఉంటే "పాపే బద్ధకిస్తోంది" అని తేల్చేసేవాళ్లం.

తర్వాత గెంతులు లెక్కేశాం. ఏప్రిల్‌లో క్లాసుకు స్కిప్పింగ్ 300, స్టార్ జంప్స్ 50. వారానికి మూడు క్లాసులకు 1,050. మేలో సమ్మర్ క్యాంపు, వారానికి ఆరు రోజులు. దానికి తోడు పోటీల కోసం కుమితే ఫుట్‌వర్క్ మొదలుపెట్టాం. రెండేసి నిమిషాల రౌండ్లు ఐదు, నిమిషానికి సుమారు 90 ఎగుళ్లు. అంటే రోజుకు ఇంకో 900. మొత్తం రోజుకు 1,250, వారానికి 7,500. గంటలు రెట్టింపే అయ్యాయి, గెంతులు మాత్రం ఏడు రెట్లు పెరిగాయి. అన్నీ వట్టి కాళ్లతో, టైల్స్ మీద.

జూన్‌లో బడి తెరిచాక క్లాసులు మళ్లీ మూడుకు తగ్గాయి. కానీ ఇంకో సంగతి మొదలైంది. స్కూలు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని పాప రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చేది. ఆలస్యమైతే మా దగ్గర శిక్ష 20 కప్పగంతులు. అవి వార్మప్ కాకముందే, పిక్కలు బిగుసుకుని ఉండగా, గుమ్మం దగ్గరే. 20 అన్నది చిన్న అంకె. కానీ కప్పగంతులో పూర్తిగా కూర్చుని లేస్తారు కాబట్టి మడమ వెనకున్న స్నాయువు మీద ఒక్కో గెంతుకూ లాగుడు పడుతుంది. బస్సు ఆలస్యానికి పాప మడమ శిక్ష అనుభవించింది. ఈ కేసులో మా తప్పుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే.

హాలు గోడ మీద పిల్లల ఎత్తు గీతలు ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. ఫిబ్రవరి గీతకూ జూన్ గీతకూ మధ్య ఈ పాప 3 సెంటీమీటర్లు పెరిగింది. పెరిగే వయసులో ఎముక ముందు సాగుతుంది, పిక్క కండరం కాస్త వెనకబడుతుంది. బిగిసిన పిక్క మడమ ఎముక వెనక భాగాన్ని పైకి లాగుతుంది. అక్కడే గ్రోత్ ప్లేట్, అంటే ఎముక పెరిగే మెత్తటి భాగం, ఉంటుంది. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య అది ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. పైనుంచి లాగుడు, కింద నుంచి దెబ్బ, రెండూ ఒకచోటే పడితే అక్కడ నొప్పి పుడుతుంది. డాక్టర్లు దీన్ని సీవర్స్ అంటారు. పేరు పెద్దదే గానీ గ్రోత్ ప్లేట్ మూసుకున్నాక ఇది రాదు, కాలికి శాశ్వత నష్టమూ ఉండదు.

ఇక మడమ ఎందుకు లేచింది? నేలకు ఆనిస్తే నొప్పి, పిక్క కూడా ఆననివ్వదు. పాప ఒళ్లు తనను తాను కాపాడుకుంటుంటే మేం దాన్ని టెక్నిక్ తప్పు అనుకుని దిద్దుతూ పోయాం.

డాక్టర్ దగ్గర

పిల్లల ఎముకల డాక్టర్‌కు చూపించమని మేమే పంపాం. ఆయన మడమను రెండు పక్కలా బొటనవేలితో, చూపుడువేలితో పట్టి నొక్కారు. కుడివైపు పాప కాలు గుంజుకుంది, ఎడమవైపు కొంచెం ముఖం చిట్లించింది. వాపు లేదు, ఎరుపు లేదు, జ్వరం లేదు, దెబ్బ తగిలిన గుర్తు లేదు. ఎక్స్‌రే అవసరం లేదన్నారు. గెంతులు ఆపమని, బూట్లలో హీల్ కప్పులు (మడమ కింద పెట్టే మెత్తలు) వేయమని, పిక్క సాగదీయమని చెప్పారు.

నొక్కి చూడటం మాస్టర్లకూ తెలిసి ఉండాలి. అనుమానించడానికి మాత్రమే, తేల్చడానికి కాదు. రాత్రి నిద్రలో లేపే నొప్పి, కూర్చుని ఉన్నా తగ్గని నొప్పి, వాపు, ఎరుపు, జ్వరం, కిందపడిన తర్వాత మొదలైన నొప్పి, అడుగు వేయలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా క్లాసు సంగతి పక్కనబెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

నానమ్మ మాత్రం ఎముకల్లో బలం లేకనే అనుకుంది. రాగి జావ, పాలు పెంచింది. మంచి తిండే, పెట్టనివ్వండి. కానీ ఈ నొప్పి కాల్షియం తక్కువై వచ్చేది కాదు, డాక్టర్ రాయకుండా కాల్షియం మాత్రలు కొనకూడదు. నువ్వుల నూనెతో మర్దన కూడా మొదలుపెట్టింది. పిక్కకు మెల్లగా అయితే హాయే. మడమ ఎముక మీద గట్టిగా రుద్దితే మాత్రం నొప్పి రేగుతుంది, రెండు రోజులు అదే జరిగింది. వేడి కాపడం పిక్కకు, సాగదీసే ముందు. ఐసు మడమకు, ఆట అయ్యాక, తువ్వాలులో చుట్టి 10 నిమిషాలు. ఈ ఏర్పాటుకు నానమ్మ సంతోషంగా ఒప్పుకుంది. తనకూ ఒక పని దొరికింది మరి.

మొదటి నాలుగు వారాలు

క్లాసు మాన్పించలేదు. ఇది ఖచ్చితంగా చెప్పాల్సిన మాట. అసలు పాప నొప్పి దాచిందే క్లాసు మాన్పిస్తారన్న భయంతో. గెంతులు సున్నా చేశాం. ఆ సమయంలో కిబా దాచిలో (కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి నిలబడి) చేతి పనులు, పుషప్స్, ప్లాంక్, కతా నడకలా నిదానంగా. గోదాన్‌లో గెంతు వచ్చినచోట ఒక అడుగు ముందుకు వేసి కోసా దాచిలో దిగడం.

హీల్ కప్పు బూటులో ఉంటుంది, కరాటే వట్టి కాళ్లతో. ఈ చిక్కు మొదటి రోజే ఎదురైంది. వట్టి కాళ్ల నియమాన్ని ఈ పాప వరకు సడలించాం. బయట తొక్కని, శుభ్రమైన బూట్లు ఒక జత, లోపల హీల్ కప్పులతో, హాలులో మాత్రమే వాడేవి. కప్పులు రెండు బూట్లలోనూ వేయాలి. ఒక్కదాంట్లోనే వేస్తే ఆ కాలు ఎత్తుగా మారి నడుము వంకరపోతుంది.

పిక్క సాగదీతలు రెండు రకాలు, రెండూ కావాలి. గోడకు చేతులు ఆనించి, వెనక కాలి మోకాలు నిటారుగా పెట్టి ఒకటి. అదే స్థితిలో వెనక మోకాలు కొద్దిగా వంచి రెండోది. ఒక్కోటి 30 సెకన్లు, మూడేసిసార్లు, పొద్దునా సాయంత్రమూ. పాదం వేళ్లు గోడవైపు నేరుగా చూడాలి. పిల్లలు పాదాన్ని బయటికి తిప్పేస్తారు, అప్పుడు సాగేది పిక్క కాదు. సాగదీసేటప్పుడు లాగుడు పిక్కలో తెలియాలి. మడమలో నొప్పి తెలిస్తే అడుగు గోడకు దగ్గరగా జరపాలి.

కొలత కోసం స్కేలు పెట్టాం. మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించాలి, బొటనవేలు గోడకు ఎంత దూరంలో ఉందో రాయాలి. మొదటి రోజు కుడికాలు 4 సెంటీమీటర్లు, ఎడమ 6. పిల్లలకు ఈ స్కేలు బాగా నచ్చుతుంది. సాయంత్రం కొలతలో తమ్ముడూ పోటీకి దిగాడు.

ఇంటి గుమ్మం లోపల

ఇల్లంతా గ్రానైట్. క్లాసులో వారానికి నాలుగున్నర గంటలు, ఇంట్లో రోజుకు ఐదారు గంటలు వట్టి కాళ్లే. మెత్తటి స్లిప్పర్లు వేయించమంటే నానమ్మ అడ్డు చెప్పింది. "ఇంట్ల చెప్పులేంది బిడ్డా, లక్ష్మి తిరిగే తావు." ఆమె మాటలో తప్పేం లేదు, దాన్ని కొట్టిపారేస్తే ఆ ఇంట్లో ఈ పని సాగదు. కుదిరిన ఏర్పాటు ఇది: కొత్త జత, గడప దాటి ఎన్నడూ బయటికి వెళ్లనిది. వంటింటి గుమ్మం దగ్గరా, పూజ గది దగ్గరా విడిచి లోపలికి వెళ్లాలి. నాలుగో రోజుకల్లా పాప మరిచిపోతే గుర్తుచేసేది నానమ్మే అయింది.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించాం. రోజుకు రెండే అంకెలు: పొద్దున మొదటి పది అడుగుల నొప్పి, పడుకునే ముందు నొప్పి, సున్నా నుంచి పది దాకా. మధ్యలో ఎవరూ అడగకూడదు. తల్లి మొదట్లో పది నిమిషాలకోసారి "నొస్తోందా?" అని అడిగేది. అలా అడిగితే కొందరు పిల్లలు లేని నొప్పి వెతుక్కుంటారు, కొందరు ఉన్నదాన్ని దాస్తారు. ఈ పాప దాచే రకం.

రెండు వారాల కాగితం చూస్తే బుధవారం, శనివారం రాత్రుల్లో అంకె పెరుగుతోంది. ఆ రెండు రోజులూ బడిలో వైట్ షూస్. హీల్ కప్పులు నల్ల బూట్లలోనే ఉండిపోతున్నాయి. పైగా తెల్ల కాన్వాస్ బూట్ల అడుగు పల్చన, పీటీ పీరియడ్లూ ఆ రోజుల్లోనే. ఇంకో జత కప్పులు కొన్నాక మరుసటి వారం నుంచే ఆ తేడా పోయింది. కాగితం లేకపోతే ఇది దొరికేది కాదు.

నిద్ర సంగతి కూడా ఆ కాగితం వల్లే బయటపడింది. నాన్న వచ్చాక భోజనం, పిల్లలు పడుకునేసరికి పదకొండు. పొద్దున ఆరింటిలోపే లేవాలి. ఏడు గంటలు కూడా లేదు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పిల్లల భోజనం ఏడున్నరకూ, పడక తొమ్మిదికల్లా అని మార్చారు. దీనికి ఆ ఇల్లు చెల్లించిన ధర చిన్నది కాదు: వారంలో ఐదు రాత్రులు తండ్రి పిల్లల్ని చూడలేడు. అందుకే పొద్దున ఇరవై నిమిషాలు ఆయనవి అయ్యాయి. గోడకు చేతులానించి తండ్రీకూతురూ పక్కపక్కన పిక్కలు సాగదీస్తారు. ఆయన కొలత పాప కంటే తక్కువ వచ్చింది. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం.

బోనాల ఆదివారం

ఐదో వారానికి పొద్దుటి అంకె 1కి దిగింది. పాపకూ, మాకూ ధైర్యం వచ్చింది. ఆ ఆదివారం బస్తీలో బోనాలు. పాప వట్టి కాళ్లతో అమ్మ వెంట గుడి దాకా నడిచింది, ఆ తర్వాత డప్పులకు గంటసేపు తీన్మార్ ఆడింది. సోమవారం పొద్దున అంకె 6. మంగళవారం కుంటుతూ వచ్చింది.

తప్పు ఎవరిదీ కాదు. పండుగ నాడు పిల్లలు ఆడకపోతే ఎట్లా? అయితే ముందే అనుకుని ఉంటే నడకకు బూట్లు వేసి, గుడి దగ్గర విడిచి, డాన్సు పదిహేను నిమిషాలకు కుదించి ఉండేవాళ్లం. ఇది మా ప్లానులో లేని ఖాళీ. అప్పటి నుంచి కాగితం పైన వచ్చే రెండు వారాల పండుగలు, పెళ్లిళ్లు, స్కూలు ఫంక్షన్లు, కూచిపూడి ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాం. కూచిపూడి టీచర్‌కు కూడా విషయం చెప్పారు. ఆమె నాలుగు వారాలు పాదం కొట్టే అడుగులు ఆపి హస్తాలు, అభినయం చేయించింది.

పది రోజుల్లో అంకె మళ్లీ 1కి వచ్చింది. పోయింది పది రోజులే గానీ, పాప మనసు కుదుటపడటానికి ఇంకా ఎక్కువే పట్టింది. "మళ్లా మొదటికొచ్చినట్టేనా?" అని అడిగింది. మొదటి కాగితం తీసి చూపించాం. అప్పుడు 6 నుంచి దిగడానికి నాలుగు వారాలు పట్టింది, ఇప్పుడు పది రోజులు.

మళ్లీ గెంతుల్లోకి

నియమం ఒకటే పెట్టుకున్నాం. సాధనలో నొప్పి 2 దాటకూడదు, మర్నాడు పొద్దున అంకె పెరగకూడదు. రెండూ సరిగ్గా ఉంటే ఒక మెట్టు పైకి. పొద్దుటి అంకె 3 లేదా 4 అయితే అక్కడే ఆగాలి. 5 అయితే ఒక మెట్టు కిందికి.

మొదట రెండు కాళ్ల మీద మడమలు మెల్లగా లేపి, మూడు లెక్కపెడుతూ దించడం, 10 చొప్పున రెండుసార్లు, రెండు వారాల్లో 15 చొప్పున మూడుసార్లకు. దించడంలోనే బలం వస్తుంది. పిల్లలు టపటపా లేపి దించేస్తారు, అందుకే పక్కన నిలబడి లెక్కపెట్టాలి. తర్వాత మ్యాట్ మీద రెండు కాళ్లతో 20 చిన్న గెంతులు, రోజు విడిచి రోజు, నొప్పి లేకపోతే ప్రతిసారీ ఇంకో 10. వంద దాటాక కుమితే, అది కూడా ఎగుళ్లు లేకుండా జారుడు అడుగుతో. వెనక కాలు నేలను నెడుతుంది, మడమ కొద్దిగా తేలుతుంది, ఒళ్లు పైకి లేవదు. నిజానికి పోటీలో అలిసిపోకుండా నిలిచే అడుగు ఇదే, చాలామంది పిల్లలకు ముందుగా ఇదే నేర్పాలని ఇప్పుడు మా అభిప్రాయం. చిట్టచివర గోదాన్ గెంతు, క్లాసుకు ఐదుసార్లు మించకుండా.

పరీక్ష సంగతి

సెప్టెంబరు పరీక్ష వాయిదా అన్నప్పుడు తండ్రి మొదటి మాట, "ఫీజు కట్టినం కదా మాస్టర్, కతా వచ్చు కదా?" ఆయన కోపంలో న్యాయం ఉంది. తోటి పిల్లలు పర్పుల్ బెల్టు కడితే తన కూతురు గ్రీన్‌లో నిలబడాలి. ఫీజు డిసెంబరుకు జమ చేశాం. పరీక్షలో గెంతు లేని భాగాలన్నీ, అంటే కిహోన్ (ప్రాథమిక దెబ్బలు, అడ్డులు), మాటతో అడిగే ప్రశ్నలు, గెంతు ముందు వరకు కతా, సెప్టెంబరులోనే అందరితో పాటు పూర్తిచేయించాం. మిగిలింది గెంతు, కుమితే. డిసెంబరులో అవీ పూర్తిచేసి పాప బెల్టు కట్టింది.

తమ్ముడు "అక్క ఫెయిలు" అని ఒకరోజు క్లాసులో అన్నాడు. వాడిని తిట్టలేదు. కొలతల స్కేలు వాడి చేతికిచ్చి, వారం పాటు అక్క మోకాలి కొలత రాసే పని అప్పగించాం.

క్లాసులో మారినవి

తల్లిదండ్రులందరికీ ఇవి తెలియాలి. ఆలస్యానికి కప్పగంతులు రద్దు. ఆలస్యంగా వచ్చిన పిల్లలు గుమ్మం దగ్గర రే (వంగి నమస్కారం) చేసి, పక్కన ఐదు నిమిషాలు తామే వార్మప్ చేసుకుని వరసలో కలుస్తారు. మ్యాట్లు రోజూ పరుస్తాం. 6 మీటర్లు, 8 మీటర్ల హాలుకు 48 ముక్కలు, 25 మిల్లీమీటర్ల మందం. అంతకంటే మెత్తటివి కొనొద్దు, తిరిగేటప్పుడు పాదం మ్యాట్‌లో కూరుకుపోయి మోకాలు మెలిపడుతుంది. టైల్స్ మీద తేమ ఉంటే మ్యాట్లు జారుతాయి, అందుకే నేల పొడిగా తుడిచాకే పరచాలి. మ్యాట్ల అంచుల పళ్లు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా ఇరుక్కోని చోట కాలివేలు చిక్కుకుంటుంది, పరిచాక ప్రతి అంచునూ కాలితో తొక్కి చూడాలి. ఈ పని బ్రౌన్ బెల్టులది.

సమ్మర్ క్యాంపు వారానికి నాలుగు రోజులే. గెంతులు మొదటి వారం ఏప్రిల్ లెక్కే, ఆపైన మెల్లగా పెంపు. ప్రతి నెలా మొదటి శనివారం ఎత్తు కొలత. మూడు నెలల్లో 2 సెంటీమీటర్లు దాటి పెరిగిన పిల్లల పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పెడతాం. ఆ చుక్క ఉన్నన్నాళ్లు వాళ్లకు గెంతులు సగం. ఆ శనివారం క్లాసు అయ్యాక తల్లిదండ్రులు అరగంట ఉంటే పిక్క సాగదీత, మడమ నొక్కి చూడటం, కాగితం రాయడం చూపిస్తాం. నానమ్మలు, అమ్మమ్మలు, తాతయ్యలు వస్తే ఇంకా మంచిది. సాయంత్రాలు పిల్లలు ఉండేది వాళ్ల దగ్గరే.

జనవరి కొలతలో పాప కుడికాలు 8 సెంటీమీటర్లు, ఎడమ 9. కుడి మడమ గట్టిగా నొక్కితే ఇప్పటికీ కొంచెం తెలుస్తుందంటోంది. పొద్దుటి అంకె ఆరు వారాలుగా సున్నా. గోడ మీద గీత ఇంకో సెంటీమీటరు పైకి జరిగింది, పేరు పక్కన చుక్క తీసేయలేదు. జెన్‌కుత్సు దాచిలో మడమ నేలకు అంటుకుని ఉంది.